పల్చని పచ్చ

అక్క చేసిన ఆఖరి పని వంటింటి అలమరలో కాగితాలు మార్చడం. ఆదివారం, పదకొండు గంటల ప్రాంతం. డబ్బాలన్నీ కిందికి దింపింది. పాత కాగితాలు తీసేసి, తడిగుడ్డతో అరలు తుడిచి, అవి ఆరేదాకా స్టూలు మీద కూర్చుని, నేను పత్రికాఫీసు నుంచి తెచ్చే చిత్తు ప్రూఫుల్ని అరల కొలతకు కత్తిరించింది. టేపు పెట్టలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ట్రేసరుగా పనిచేసిన మనిషికి కంటికొలత చాలు. ఏ కాగితమూ అంచు దాటి వెంట్రుకవాసి బయటికి రాకుండా పరిచి, డబ్బాలు ఎక్కడివక్కడ సర్ది, "అమ్మాయ్, ఉప్పు డబ్బా కింద రెండు వరసలు వేశాను. చెమ్మ దిగుతోంది" అని నా భార్యతో చెప్పింది. తరవాత చేతులు కడుక్కుని ముందుగదిలో కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. భోజనానికి పిలవడానికి వెళితే పలకలేదు.

ఆ కిటికీలోంచి చూస్తే ఐదంతస్తుల గోడ కనిపిస్తుంది. వరసగా ఏసీ పెట్టెల వీపులు, వాటి కింద నీళ్ళు కారిన చారలు. చివరి ఆరేళ్ళూ అక్క దానికి ఎదురుగానే కూర్చుంది. ఆ దరిద్రాన్ని చూడలేక నేను కుర్చీ టీవీ వైపు తిప్పితే, మళ్ళీ ఒక్కో కాలే జరుపుకుంటూ కిటికీ వైపు తిప్పుకునేది. ఆ గోడ ఉన్నచోట ఒకప్పుడు ఏమీ ఉండేది కాదు. ఆ ఏమీ లేకపోవడాన్ని చూసే అక్క ఈ ఇల్లు కొంది.

మా నాన్న పోయేనాటికి అక్కకు పంతొమ్మిది, నాకు పదకొండు. అమ్మ అంతకు రెండేళ్ళ ముందే పోయింది. టౌన్ ప్లానింగు ఆఫీసులో ట్రేసరు ఉద్యోగం ఉందని ఎవరో చెబితే, డ్రాయింగు పరీక్ష పాసైన కాగితం పట్టుకుని వెళ్ళింది. ఊరు రేపు ఎలా ఉండాలో ఇవాళే కాగితం మీద గీసే ఆఫీసు అది. ఇళ్ళకు పసుపు, దుకాణాలకు నీలం, బడులకూ ఆస్పత్రులకూ ఎరుపు, అందరి కోసం వదిలేసే ఖాళీ స్థలాలకు పచ్చ. పెద్దవాళ్ళు గీతలు గీసి ఇస్తే వాటిని శుభ్రంగా ఎత్తిరాసి రంగులు వేయడం ట్రేసర్ల పని.

రంగు వేయడమంటే పూయడం అనుకునేవాణ్ణి. నా బడి సెలవు రోజున ఒకసారి ఆఫీసుకు తీసుకెళ్ళి చూపించింది. బల్ల తల వైపు రెండు ఇటుకలు పెట్టి వాలుగా నిలబెట్టారు. పింగాణీ గిన్నెలో రంగునీళ్ళు. అక్క లావుపాటి కుంచె నిండా ముంచి పై అంచున ఎడమ నుంచి కుడికి ఒక్క చార లాగింది. చార అడుగున నీళ్ళు కట్టలా నిలిచాయి. ఆ కట్ట ఆరిపోయేలోపు దాన్ని కిందికి, ఇంకా కిందికి, గీత దాటకుండా దించుకుంటూ రావాలి. మధ్యలో ఆగితే మరక. ఫ్యాను ఆపేశారు. తలుపు తీయొద్దని బయట ఒకాయన్ని నిలబెట్టారు. గదిలో ఆరుగురు చెమటలు కక్కుతూ మాట్లాడకుండా నిలబడితే, మా అక్క ఊపిరి బిగబట్టి ఒక పార్కును పై నుంచి కిందికి దించింది.

వాళ్ళ హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌కు ఒకటే పట్టింపు. రంగు కింద సర్వే నంబరు కళ్ళజోడు లేకుండా చదవగలగాలి. "నంబరు చచ్చిపోతే అది మ్యాపు కాదమ్మా, సున్నం కొట్టిన గోడ" అనేవాడట. చిక్కగా వేసిన రంగు షీటు మడతల దగ్గర పగులుతుంది కూడా. అందుకని అక్క రంగును పల్చన చేసింది. ఇంకా పల్చన చేసింది. తోటివాళ్ళు నీళ్ళక్క అని పేరు పెట్టారు. ఆఫీసు రంగంతా ఇంటికి పట్టుకుపోయి ఉత్త నీళ్ళు వేస్తోందని ఎగతాళి. వాళ్ళ షీట్లు పదేళ్ళకు పెళుసెక్కి పెచ్చులు లేస్తే, అక్క షీట్లు కొత్త గుడ్డలా చుట్టుకునేవి. హెడ్డు రిటైరవుతూ తన పింగాణీ గిన్నెలు అక్క చేతికిచ్చి వెళ్ళాడు.

నేను పద్దెనిమిదో ఏట పత్రికాఫీసులో ప్రూఫ్ రీడరుగా చేరాను. తప్పులు దిద్దడం అయిపోయిన ప్రూఫుల్ని కట్టకట్టి ఇంటికి తెమ్మంది అక్క. వాటిని చీలికలుగా కత్తిరించి ఆఫీసుకు పట్టుకెళ్ళేది. గిన్నెలో రంగు కలిపాక మొదట ఆ చీలిక మీద ఒక చార లాగి, చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, కింద అక్షరాలు చదివేదట. అక్షరం సుఖంగా కనబడితే ఆ పాళ్ళు ఖాయం. చీలిక మూలన పెన్సిలుతో తేదీ, రంగుకు ఎన్ని పాళ్ళు నీళ్ళో రాసుకునేది. పచ్చకు ఆమె పాళ్ళు ఒకటికి ముప్ఫై. నా ఎర్ర సిరా దిద్దుబాట్లు ఆ చీలికల మీద ఉండేవి కాబట్టి ఇంటికొచ్చాక ఒక విసురు విసరకుండా ఉండేది కాదు.

"ఏంట్రా ఇన్ని ఎర్ర గీతలు? మీ కంపోజింగు వాళ్ళు కళ్ళు మూసుకుని కొడతారా?"

"కళ్ళు తెరిచి కొడితే నాకు జీతం ఎవరిస్తారక్కా?"

"అదీ నిజమే. నీ బతుకంతా తప్పుల మీదే నడుస్తోంది" అని నవ్వేది.

పెళ్ళి చేసుకోలేదు. చుట్టాలు అడిగితే, షీటు ఇంకా ఆరలేదు, ఆరాక చూద్దాం అనేది. నా పెళ్ళి మాత్రం దగ్గరుండి చేసింది.

అదే రోజుల్లో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూనే చెప్పులు కూడా విడవకుండా అంది: "ఒరేయ్, ఇవాళ ఒక పచ్చ వేశాను. దాని ఎదురుగా ఇల్లు కొందాం."

ఊరి చివర కొత్త కాలనీ. పొలాన్ని ఇళ్ళ స్థలాలుగా విడగొట్టినప్పుడు కొంత భాగం ఎవరికీ అమ్మకుండా అందరికీ కలిపి వదలాలని నియమం. ఆ వదిలిన ముక్క సర్వే నంబరు 214/7. అక్క దాన్ని ఇంటి చిరునామాలా చెప్పేది. రెండువందల పద్నాలుగు బై ఏడు ఎదురుగా, అని. అప్పుడు ఆ ఇంటి ముందు రోడ్డు లేదు, కరెంటు లేదు. మూల ప్లాటు ఇంతకంటే నయమని బ్రోకరు ఎంత చెప్పినా వినలేదు. ముందు పచ్చ ఉంది, ఎప్పటికీ ఎవడూ కట్టడు, గాలి ఆగదు. ఆమె లెక్క అంతే. తన చేత్తో రంగు వేసిన కాగితం మీద నమ్మకంతో ఇల్లు కొన్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

నిజానికి ఆ స్థలంలో పచ్చదనం మచ్చుకు కూడా లేదు. ఎర్రమట్టి, గులకరాళ్ళు, మధ్యలో ఎవరో పాతిపెట్టిన సగం లారీ టైరు. ఆదివారాలు వాలీబాల్. మా కాలనీలో సైకిలు నేర్చుకున్న ప్రతివాడి మోకాలి తోలూ కాస్త ఆ నేల మీద ఉంది. ఆడవాళ్ళు పరుపులు ఎండేసేవారు. పెళ్ళికైనా చావుకైనా కుర్చీలు అక్కడే వేసేవారు. అక్క రోజూ సాయంత్రం నాలుగు హద్దురాళ్ళనూ చుట్టి వచ్చేది. ఎవరైనా ఇసుక కుప్ప పోసినా, లారీ నిలిపినా తిన్నగా వెళ్ళి, ఇది పచ్చ నాయనా, తీసెయ్, అనేది. వీధి మొదట టైరు షాపు ఆయనకు ఆ మాట వింటే నవ్వు.

"పచ్చ ఎక్కడుందండీ మేడమ్‌గారూ? గొర్రెని తోలితే ఉపవాసం చేసి చస్తుంది."

"నా షీట్లో ఉంది. ఆఫీసుకెళ్ళి చూసుకో."

అప్పట్నించి కాలనీ అంతా ఆ స్థలాన్ని పచ్చ అనే పిలిచింది. పచ్చ దగ్గర దిగుతానంటే ఆటోవాళ్ళకు కూడా తెలిసేది.

అక్క గడువుకు ముందే రిటైరైన నాలుగేళ్ళకు ఆఫీసులో పాత షీట్లన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించారు. పని ఒక కంట్రాక్టరుకు ఇచ్చారు. మిషను షీటును ఫోటో తీస్తుంది. కుర్రవాళ్ళు తెర మీద ఏ ముక్క ఏ రంగులో కనబడితే ఆ వాడకం కింద నమోదు చేస్తారు. పసుపు కనబడితే ఇళ్ళు, నీలం కనబడితే దుకాణాలు. ఏ రంగూ కనబడకపోతే 'వర్గీకరణ లేనిది'. ఒకటికి ముప్ఫై పాళ్ళ పచ్చ, అదీ ఇన్నేళ్ళు పాతబడిన కాగితం మీద, ఆ మిషను కంటికి ఆనలేదు. తెల్లగా వచ్చింది. చిక్కగా పూసి పెచ్చులూడిన తోటివాళ్ళ పచ్చలన్నీ పచ్చలుగానే వచ్చాయి. సరిగ్గా వేసిన రంగే కనబడకుండా పోయింది.

వర్గీకరణ లేని భూమిని ఊరకే వదిలేసే ఆఫీసు ఎక్కడా ఉండదు. దాన్ని వ్యాపార అవసరాలకు మారుస్తున్నట్టు, ఆక్షేపణలు ఉంటే ముప్ఫై రోజుల్లో తెలపాల్సిందిగా పేపర్లో నోటీసు వేశారు. చిన్న అక్షరాలు, రెండు కాలాల నిండా సర్వే నంబర్లు. ఒక్క ఆక్షేపణా రాలేదు. మార్చి నెలాఖరులో ఒక పొద్దున లేచి చూసేసరికి స్థలం చుట్టూ ఇనప రేకులు పాతి ఉన్నాయి. రేకులకు రంగు కూడా వేశారు. ముదురు పచ్చ.

అక్క చేతిలో కాఫీ గ్లాసు వాకిట్లో గట్టు మీద పెట్టింది. తరవాత రేకుల దగ్గరికెళ్ళి అక్కడి వాచ్‌మన్‌ను ఏదో అడిగింది. వాడు సంచిలోంచి కాగితం తీసి చూపించాడు. చదివి, మడతలు సరిచేసి, మళ్ళీ వాడికే ఇచ్చేసి వచ్చింది. ఆ సాయంత్రం కాలనీ వాళ్ళంతా మా వాకిట్లో చేరారు. టైరు షాపు ఆయనే పెద్దరికం తీసుకున్నాడు. నోటీసు పేపర్లో వేశామంటున్నారు కదా, మీరు పేపర్లోనే కదండీ పనిచేసేది, మీ కంట పడలేదా అని నన్నడిగాడు.

నాకు కోపం వచ్చింది. నోటీసుల పేజీ నాదే, మా ఆఫీసులో అంకెల పేజీలన్నీ నా బల్ల మీదికే వస్తాయి. కానీ అంకెల్ని అర్థం కోసం చదివితే తప్పులు దొరకవు. అందుకే మేం కుడి నుంచి ఎడమకు, ఒక్కో అంకెనే వెనక్కి చదువుతాం. అలా రోజుకు వెయ్యి అంకెలు చదివే మనిషికి ఏ అంకె ఎవరి ఇంటి ముందుదో ఎలా తెలుస్తుంది? ఇదే ఆయనకు వివరంగా చెప్పాను. పనిలో పనిగా, ఇరవై తొమ్మిదేళ్ళలో నా చేతి మీదుగా వెళ్ళిన నోటీసుల్లో ఒక్క అంకె తప్పు పోలేదని కూడా చెప్పుకున్నాను. అక్క గుమ్మంలో నిలబడి వింది. ఆ రోజు పేజీ తీసి చూద్దామని నాకు ఆ తరవాత అనిపించలేదా అంటే, అనిపించింది. చూడలేదు.

షీటు తెల్లగా వచ్చిందన్న సంగతి అక్క పాత ఆఫీసులో పనిచేసే అమ్మాయి ఒకతి ఫోన్ చేసి చెప్పింది. ఆ మర్నాడు అక్క అటక మీద నుంచి పింగాణీ గిన్నెలు దింపించింది. భోజనాల బల్ల మీద నా చిత్తు ప్రూఫుల కట్ట విప్పి, చీలికలు కత్తిరించి, పచ్చ కలుపుతూ కూర్చుంది. మూడు రోజులు అదే పని. మేం పళ్ళాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నాం. ఏం చూస్తున్నావని అడిగాను.

"ఎంత వేసి ఉంటే సరిపోయేదో చూస్తున్నా."

మూడో రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి గిన్నెలు కడిగేసింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. కట్ట మళ్ళీ పురికొసతో కట్టి అటకెక్కించారు. రాత్రి అన్నం సరిగా తినలేదు. పచ్చ పోయిన బెంగ అనుకున్నాం.

కలెక్టరుకు పెట్టిన అర్జీ తిరిగి తిరిగి చివరికి అక్క పాత ఆఫీసులోనే విచారణకు వచ్చింది. జూలై పద్నాలుగో తారీఖు. కాలనీ తరఫున అక్క, నేను, టైరు షాపు ఆయన వెళ్ళాం. ఆఫీసరు చిన్నమ్మాయి. మర్యాదస్థురాలు. అక్క పనిచేసిన బల్ల ఉండే గదినే ఇప్పుడు ఆమె గది చేశారు. ఫైలు చూసి, షీటు తెప్పించింది. నలుగురు పట్టుకుని బల్ల మీద పరిచారు. అక్క దాన్ని ముందు అరచేత్తో ఒకసారి నిమిరింది.

"ఇది వేసింది నేనేనమ్మా. ఇది పచ్చే. తిన్నగా చూస్తే కనబడదు, ఇలా వంగి వాలుగా చూడండి."

ఆఫీసరు కుర్చీలోంచి లేచి, బల్ల మీద చెంప ఆనేంత వంగి కిటికీ వెలుగులోకి చూసింది. నేనూ చూశాను. ఉంది. పొద్దున్నే అద్దం మీద ఊదిన ఆవిరిలా, నాలుగు గీతల మధ్య ఎక్కడా మరక లేకుండా, అంచు దాటకుండా ఉంది. కింద 214/7 అచ్చులో ఉన్నంత స్పష్టంగా ఉంది.

ఉందమ్మా, కాదనను, అంది ఆఫీసరు. కానీ కొత్త మ్యాపు గెజిట్లో వచ్చేసింది, గడువు దాటింది, స్థలం వేలంలో ఇచ్చేశారు. ఇక తన చేతిలో ఒకే ఒక్క దారి ఉండిందని చెప్పింది. పేపర్లో వేసిన నోటీసులో ఏదైనా పొరపాటు ఉంటే అది చెల్లదు. మళ్ళీ మొదటి నుంచి నోటీసు ఇవ్వాలి, అప్పుడు ఆక్షేపణ పెట్టుకోవచ్చు. తను కూడా ఆ ఆశతోనే పేపరు తెప్పించి చూసిందట.

"ఒక్క అంకె తప్పున్నా ఇవాళే రద్దు చేసేదాన్నండి. వరస మొత్తం సరిచూశాను. తప్పు లేదు. అయినా మీ ఇంట్లో పేపరు ఎవరూ చదవరా అమ్మా?"

టైరు షాపు ఆయన నా వైపు చూశాడు. నేను నోరు తెరవబోయాను. నా పనితనం గురించి ఇంకోసారి చెప్పబోయానో, ఏం చెప్పబోయానో ఇప్పుడు గుర్తు లేదు. అక్క నాకంటే ముందే అనేసింది.

"మా ఇంట్లో ఎవరూ చదవలేదండీ."

నాకు చిన్నతనంగా అనిపించింది. ఇన్నేళ్ళు పత్రికలో ఉన్న తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అలా అంటుందేమిటి అనుకున్నాను.

తిరుగు బస్సెక్కాం. వీధి మొదట దిగాక టైరు షాపు ఆయన, మొత్తానికి నీళ్ళు కలపడమే కొంప ముంచింది మేడమ్, అని షాపులోకి వెళ్ళిపోయాడు. ఆఫీసులో అక్కకు పెట్టిన పేరు మా కాలనీలో ఎలా తెలిసిందో గానీ వారం తిరిగేసరికి నీళ్ళక్క అన్న మాట పాలప్యాకెట్లు వేసేవాడి నోట కూడా వినబడింది. ఆఫీసులో అది మెచ్చుకోలు కలిసిన ఎగతాళి. ఇక్కడ నేరం పేరు. అక్క అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా, అవునమ్మా, రంగు వేసింది నేనే, పల్చనైపోయింది, అని చెప్పేది. ఎవరైనా వేరే కారణం వెతకబోతే ఆపేసేది. వాళ్ళకు ఒక మనిషి కావాల్సి వచ్చింది, దొరికింది. అర్జీ మీద సంతకం పెట్టడానికి తీరిక లేదన్న వాళ్ళు కూడా ఆమెను తిట్టడానికి తీరిక చేసుకున్నారు.

వాళ్ళననడమెందుకు. పునాదుల కోసం మిషను తవ్వకం మొదలుపెట్టిన రోజు, ఇల్లంతా దడదడలాడుతుంటే, నేను ఆమె ముఖం మీదే అన్నాను.

"ఇంకొంచెం ముదురుగా వేస్తే ఏం పోయేది అక్కా? నంబరు చచ్చిపోయేదా? ఎవరికి మిగిల్చావు ఆ రంగు?"

అక్క బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చెయ్యి ఆగలేదు.

"లేదురా. నంబరు కనబడేదే" అంది.

ఎలా తెలుసని నేను అడగలేదు. నాకు కావలసింది ఆమె ఒప్పుకోవడం. ఒప్పుకుంది. నా భార్య మాత్రం ఆ సాయంత్రం నన్ను పక్కకు పిలిచి, ఈ వయసులో వదినను అంత మాట అనడానికి మీకు నోరెలా వచ్చిందండీ అని అడిగింది. నిజమే కదా అన్నాను. నిజమైతే అనేయడమేనా అంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ తరవాత అక్క సాయంత్రం నడక మానేసింది. హద్దురాళ్ళు మూడు పునాదుల్లో కలిసిపోయాయి. నాలుగోది మా గేటు పక్కన రోడ్డు మీద పడేస్తే దాని మీద కుండీ పెట్టుకుంది. కాంప్లెక్సు లేచింది. మొదటి అంతస్తు పడ్డప్పుడు వాకిట్లో ఎండ పోయింది, మూడోది పడ్డప్పుడు గాలి పోయింది. ముందుగదిలో పగలు కూడా లైటు వేయాల్సి వచ్చింది. పిల్లలు సైకిళ్ళు రోడ్డు మీదే నేర్చుకుంటున్నారు. ఆ మధ్య వాళ్ళలో ఒకమ్మాయి కాలు కారు కింద పడి విరిగింది. కాంప్లెక్సు వాళ్ళు దయతలచి ముందు భాగంలో నాలుగు ప్లాస్టిక్ గడ్డి చాపలు పరిచి, కూర్చోరాదని బోర్డు పెట్టారు. ఆటోవాళ్ళు ఇప్పటికీ ఆ స్టాపును పచ్చ అనే అంటారు. ఎందుకంటారో వాళ్ళకు తెలీదు.

ఆరేళ్ళలో అక్క ఆ విషయం నా దగ్గర ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేను నెలాఖరున ప్రూఫుల కట్ట తెస్తే మాత్రం ముడి విప్పి ఒక్కో కాగితమూ తిరగేసి చూసేది. ఏం చూస్తావక్కా అంటే, నీ కన్ను ఇంకా బాగానే ఉందిరా, అనేది. నాకు సంతోషంగా ఉండేది.

అక్క పోయిన నాలుగు నెలలకు వానలు పట్టాయి. ఉప్పు డబ్బా కింద కాగితం నానిపోయిందని, మార్చమని నా భార్య చెప్పింది. నేనే డబ్బా దింపాను. పై వరస కాగితం చేతికి ముద్దగా వచ్చేసింది. రెండో వరస అడుగున, బోర్లా పెట్టిన ఒక చీలిక ఉంది. అర కొలతకు కత్తిరించింది కాదు, బాగా చిన్నది. అంచులు చెమ్మకు మెత్తబడ్డాయి. ఇంకో వాన పడితే మిగిలేది కాదు.

తిప్పి చూశాను. మా పత్రిక ప్రూఫు. నోటీసుల పేజీలో ఒక ముక్క. సర్వే నంబర్ల వరస మీద పచ్చరంగు చారలు రెండు అడ్డంగా లాగి ఉన్నాయి. ఒక దాని పక్కన పెన్సిలుతో ఒకటికి ముప్ఫై. రెండో దాని పక్కన ఒకటికి పన్నెండు. రెండోది ఎవరికైనా, ఏ మిషనుకైనా పచ్చ అని తెలిసేంత పచ్చగా ఉంది. దాని కింద కూడా అంకెలన్నీ కనబడుతున్నాయి. వరస మధ్యలో 214/1 అని పడింది. ఆ ఒకటి చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, దాన్నుంచి గీత లాగి, మార్జిన్లో 7 వేసి, కింద నా పొడి సంతకం. కంపోజింగులో తప్పు పడింది. దిద్దింది నేను.

చీలిక మూలన, ఎప్పటిలాగే, పెన్సిలుతో తేదీ రాసుకుంది. జూలై 11. విచారణ పద్నాలుగున.